పాత పెయింటింగ్‌ను తుడిచి తేకండి: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో నా దగ్గర పాత పటాలకు వెల కట్టించుకోవడానికి వచ్చేవాళ్ళలో చాలామంది ముందుగా చెప్పే మాట: "శుభ్రంగా తుడిచి తెచ్చాం సార్." వినగానే నా గుండె గుభేలుమంటుంది.

అపోహ: నల్లబడిన పెయింటింగ్‌ను కడిగితే ధర పెరుగుతుంది.

వాస్తవం: నల్లబడింది చాలావరకు రంగు కాదు, పైన పూసిన వార్నిష్. చెట్ల బంకతో చేసిన పాత వార్నిష్ ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కి, గోధుమరంగుకు తిరుగుతుంది. దానిమీద దీపం పొగ, అగరుబత్తి మసి. చిత్రకారుడు చివర్లో పలచగా వేసిన నీడలు, మెరుపులు సరిగ్గా ఆ వార్నిష్ కిందే ఉంటాయి. వీడియోలు చూసి బంగాళాదుంప ముక్కతో, సబ్బునీళ్ళతో రుద్దితే అవి కూడా ఊడిపోతాయి. పగుళ్ళలోంచి నీళ్ళు కాన్వాస్‌కు చేరితే రంగు పెచ్చులుగా లేస్తుంది.

చిత్తూరు నుంచి ఒక పెద్దాయన ఇంగ్లండ్ పల్లెలో పూటకూళ్ళ ఇంటి ముందు ప్రయాణికులు ఆగిన పటం తెచ్చారు. తాతగారు దొరల బంగళా వేలంలో కొన్నారట. భూతద్దం పెట్టి చూస్తే గుర్రం జూలులో ఒక్కో కుంచె గీతా కనిపిస్తోంది. పక్కనే దిగుతున్న మనిషికి మాత్రం కళ్ళూ ముక్కూ లేవు, గులాబీ రంగు మరక ఉందంతే. పండగకు కోడలు డిటర్జెంట్‌తో తుడిచిందట. "మంచికనే చేసింది, ఆ అమ్మాయిని ఏమీ అనకండి" అన్నాను. ఆయన బాధ చూడలేకపోయాను. ఫ్రేమ్ షాపువాడు వెనక అట్ట మార్చి పాత చీటీ కూడా పారేశాడు. వేలం నంబరు, కొట్టు పేరు ఉండేది ఆ చీటీ మీదే. అది పోతే తాతగారి కథకు రుజువేదీ?

అపోహ: సంతకం ఉంటే అసలుదే.

వాస్తవం: ఇలాంటి పల్లె దృశ్యాలకు పేరుపడ్డ ఇంగ్లండ్ చిత్రకారుడు జార్జ్ మోర్లాండ్ (1763-1804) బతికుండగానే ఆయన పటాలకు నకళ్ళు వచ్చాయి. సంతకం రంగు పాత పగుళ్ళలోకి దిగి ఉంటే తర్వాత చేర్చిందని అనుమానించాలి.

అపోహ: పాతదైతే లక్షలే.

వాస్తవం: వాట్సాప్ కథలు నమ్మకండి. కాన్వాస్ గరుకు అచ్చొత్తిన ఓలియోగ్రాఫ్‌లు (రంగుల అచ్చుబొమ్మలు) కూడా పెయింటింగ్‌లాగే కనిపిస్తాయి. భూతద్దంలో చుక్కలు కనిపిస్తే అది ప్రింటే.

అపోహ: అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపి అక్కడ అమ్ముకోవచ్చు.

వాస్తవం: నూరేళ్ళు దాటిన పెయింటింగ్‌ను సొంతంగా దేశం దాటించడం 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం నేరం. విదేశీ చిత్రమైనా అంతే.

ఇప్పటికే తుడిచేశామని టెన్షన్ పడేవాళ్ళు ఇక తడి గుడ్డ తగలనివ్వకండి. ముందూ వెనకా ఫోటోలు తీయండి. రంగు లేస్తుంటే బొమ్మ పైకి ఉండేలా పడుకోబెట్టండి, ప్లాస్టిక్ చుట్టకండి. దుమ్ముతోనే తీసుకురండి, తాతల నాటి రసీదులు, ఉత్తరాలు ఉంటే అవీ తేవాలి. కట్టిన వెలలో ఇంత శాతమని ఫీజు అడిగేవాళ్ళ దగ్గరకు మాత్రం వెళ్ళకండి.