చెట్టెక్కే టారంటులాకు ముందు గాలి, తర్వాతే తేమ

దక్షిణ అమెరికా ఉత్తర భాగపు అడవుల్లో చెట్ల మీద బతికే పింక్ టో టారంటులా అనే పెద్ద సాలీడు ఇళ్లలో చచ్చిపోయేది ఎక్కువగా పెంచేవారి అతిజాగ్రత్త వల్లే. వానల అడవి జీవి కదా అని పెట్టె బిగించి రోజూ నీళ్లు చల్లుతారు. ఆ అడవిలో తేమతో పాటు గాలి కూడా ఆడుతుంది. బిగించిన పెట్టెలో తేమే మిగిలి బూజు, సన్నటి నల్లి పురుగులు (మైట్స్) పడతాయి. సాలీడు ఊపిరితిత్తుల ద్వారాలు పొట్ట అడుగున ఉంటాయి, తడికీ బూజుకీ ముందు దొరికేవి అవే.

ఎదిగిన సాలీడుకు 20 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టె చాలు. ఎదురెదురు గోడలకు రంధ్రాలుండాలి, ఒకవైపు కింద, రెండోవైపు పైన. పైమూతకే ఉంటే లోపలి గాలి సరిగా కదలదు. తలుపు ముందువైపు పెట్టాలి. గూడు పైభాగంలోనే అల్లుతుంది కాబట్టి మూత ఎత్తితే అది చిరుగుతుంది, సాలీడు బయటికి దూకుతుంది.

అడుగున 5 సెంటీమీటర్ల కొబ్బరిపొట్టు, ఏటవాలుగా ఆనించిన బెరడు గొట్టం, పైన పట్టు అంటించుకోవడానికి ప్లాస్టిక్ ఆకులు, ఒక నీళ్ల గిన్నె. వారానికోసారి ఒక మూల మాత్రమే తడిపి, అది ఆరాకే మళ్లీ తడపాలి. 24–28 డిగ్రీల వేడి సరిపోతుంది. బల్బు పెడితే లోపల అంతా ఎండిపోతుంది.

ప్రకృతి చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్ 1705లో ప్రచురించిన బొమ్మలో ఇలాంటి సాలీడు పక్షిని తింటుంటుంది. మన పెట్టెలో మాత్రం వారానికో కీచురాయి చాలు, అదీ సాలీడు పొట్టకంటే పెద్దది కాకూడదు. తినకపోతే మర్నాటికల్లా తీసేయాలి. కుబుసం విడిచేటప్పుడు ఒళ్లు మెత్తగా ఉంటుంది, ఆకలిగొన్న కీచురాయి దాన్నే కొరుకుతుంది. తిండి మానేసి గూడు మూసుకుందంటే కుబుసం దగ్గరపడినట్టే. అప్పుడు వెల్లకిలా పడి ఉంటే చనిపోయిందని కదపకూడదు. తర్వాత కోరలు తెలుపు నుంచి ఎరుపుకీ, నలుపుకీ తిరిగేదాకా, అంటే దాదాపు పది రోజులు, మేత వేయొద్దు.

భయపడాల్సింది బోర్లా ఉండి కాళ్లు ఒంటి కిందికి ముడుచుకున్నప్పుడు. సాలీడు కాళ్లు చాచడానికి ఒంట్లోని ద్రవం ఒత్తిడే ఆధారం. నీరు తగ్గితే కాళ్లు ముడుచుకుంటాయి. పొట్ట కూడా ముడతలు పడితే ఆలస్యం చేయకుండా, నోరు నీటికి తగిలేలా గిన్నె అంచున మెల్లగా పెట్టాలి. ఒళ్లంతా ముంచితే ఊపిరాడదు.