నవలాకారుడి విదేశయాత్ర: అపోహలు - వాస్తవాలు

నవలలు రాస్తూనే, ఇతరులు రాసిన యాత్రా కథనాల రాతప్రతులను పరిష్కరించే పని ఏళ్లుగా చేస్తున్నాను. నవలాకారుడు పరాయి దేశం గురించి రాస్తే ఆ పుస్తకాన్ని ఎలా చదవాలో, తామే అలాంటిది రాయాల్సివస్తే ఎలా రాయాలో చాలామందికి స్పష్టత లేదు. ఇంగ్లిష్ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తన అమెరికా యాత్ర గురించి రాసి 1842లో ప్రచురించిన 'అమెరికన్ నోట్స్' ఆధారంగా కొన్ని అపోహల గురించి చెబుతాను. నాకు ఎంతో ఇష్టమైన పుస్తకమిది. దానిమీద ఒక ఫిర్యాదు కూడా ఉంది.

అపోహ: నవలాకారుడు కదా, సగం కల్పించే ఉంటాడు.

వాస్తవం: డికెన్స్ ఆ ఏడాది జనవరిలో భార్య కేథరిన్‌తో లివర్‌పూల్‌లో ఓడెక్కాడు. జూన్ దాకా తిరిగాడు. దారి పొడవునా మిత్రుడు జాన్ ఫోర్‌స్టర్‌కు పెద్ద పెద్ద ఉత్తరాలు రాశాడు. ఇంటికి చేరాక వాటిని ముందు పెట్టుకునే పుస్తకం రాశాడు. అక్టోబరుకల్లా అచ్చయింది.

నవలాకారుడి చేయి కనిపించేది వేరే చోట. ఫిలడెల్ఫియా జైలులో ఖైదీలను ఏళ్ల తరబడి ఒంటరి గదుల్లో ఉంచేవారు. అది ఎంత క్రూరమో డికెన్స్ పేజీలకొద్దీ వాదించాడు. ఆ వాదనలో చాలా భాగం మరచిపోయాను. కానీ తానే చేసుకున్న కాగితం టోపీ పెట్టుకున్న ఒక ఖైదీని మాత్రం మరవలేదు. పారేసిన ముక్కలన్నీ ఏరి గడియారం చేసుకున్నాడు. దానికి లోలకం వెనిగర్ సీసా! అంత పెద్ద జైలులో ఆ సీసా దగ్గర ఆగిన కన్ను నవలాకారుడిది.

అపోహ: కళ్లారా చూసిందే రాయాలి, అరువు తెచ్చుకోకూడదు.

వాస్తవం: బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చూపు, వినికిడి రెండూ లేని లారా బ్రిడ్జ్‌మన్‌ను డికెన్స్ కలిశాడు. అయినా ఆమె గురించిన పేజీల్లో ఎక్కువ భాగం ఆమె గురువు డాక్టర్ హోవే రాసిన నివేదికే. ఆ సంగతి దాచకుండా చెప్పి మరీ చేర్చాడు. దశాబ్దాల తర్వాత అలబామాలో ఒక తల్లి ఆ పేజీలు చదివి, తన బిడ్డకూ చదువు చెప్పవచ్చన్న ఆశ పెంచుకుంది. ఆ బిడ్డ హెలెన్ కెల్లర్. 1887లో ఆ బిడ్డకు చదువు చెప్పడానికి పెర్కిన్స్ నుంచే ఆనీ సలివన్ వాళ్లింటికి వచ్చింది.

నా ఫిర్యాదల్లా బానిసత్వం మీద రాసిన అధ్యాయం గురించే. దక్షిణాదిలో డికెన్స్ వర్జీనియాలోని రిచ్‌మండ్ దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాడు. ఆ అధ్యాయానికి బలమంతా పారిపోయిన బానిసల కోసం యజమానులు పత్రికల్లో వేయించిన ప్రకటనలది. బెట్సీ అనే స్త్రీకి గుర్తుగా ఒకరు ఇచ్చిన ఆనవాలు, కుడికాలికి ఉన్న ఇనుప కడ్డీ. చదువుతుంటే గుండె తరుక్కుపోతుంది. అయితే అలాంటి ప్రకటనలను ఓపికగా ఏరి 1839లోనే పుస్తకంగా తెచ్చినవాడు బానిసత్వ వ్యతిరేక పోరాటకారుడు థియోడోర్ వెల్డ్. డికెన్స్ వాడుకున్నది ఆ పుస్తకాన్నే, కానీ ఆయన పేరెత్తలేదు. డాక్టర్ హోవేకు ఇచ్చిన గౌరవం వెల్డ్‌కు ఎందుకు ఇవ్వలేదు?

నా దగ్గరికి రాతప్రతి తెచ్చేవారిని చూసింది, విన్నది, చదివింది మూడు రంగుల సిరాతో గుర్తుపెట్టి తెమ్మంటాను. చాలామంది మొదట విసుక్కుంటారు. గీతలు పెట్టాక తాము చూసింది ఎంత తక్కువో చూసి ఉలిక్కిపడతారు.

అపోహ: తన నవలలను అమెరికాలో పైసా ఇవ్వకుండా అచ్చేసుకుంటున్నారన్న అక్కసుతో రాశాడు.

వాస్తవం: ఆ అన్యాయం గురించి అక్కడి సభల్లోనే మాట్లాడి పత్రికల చేత తిట్లు తిన్నాడు. పుస్తకంలో మాత్రం ఆ ఊసే లేదు. అక్కడ ఈ పుస్తకాన్నీ అలాగే అచ్చేసుకున్నారు. విదేశీ రచయితలకు అమెరికా చట్టం రక్షణ ఇచ్చింది 1891లో, డికెన్స్ పోయిన 21 ఏళ్లకు.

అపోహ: ఒకసారి అచ్చయ్యాక రచయిత చేయగలిగింది ఏమీ లేదు.

వాస్తవం: 1867లో డికెన్స్ మళ్లీ అమెరికా వెళ్లాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, న్యూయార్క్‌లో జరిగిన వీడ్కోలు విందులో, దేశమూ మారింది, నేనూ మారాను అన్న అర్థంలో మాట్లాడాడు. తనకు దక్కిన మర్యాద గురించి ఇకపై ప్రతి ముద్రణలోనూ చేరుస్తానని మాటిచ్చి, నిలబెట్టుకున్నాడు. పుస్తకం చివర ఆ అనుబంధం ఇప్పటికీ ఉంది. అందులోనూ వెల్డ్ పేరు లేదు.