ఎముక లేని కాలు, రెండు కొబ్బరి చిప్పలు

మా మేనల్లుడు ఈమధ్య సెలవు పెట్టి ఇండోనేషియా వెళ్లొచ్చాడు. అందరూ బాలి వెళ్తారు, వీడు సులవేసి దీవి ఉత్తరపు కొసకి పోయాడు. మనాడోలో విమానం దిగి, కారులో బిటుంగ్ రేవుకి, అక్కణ్ణుంచి పడవలో లెంబె జలసంధి ఒడ్డున ఒక రిసార్టుకి. అక్కడ జనం మునిగేది రంగురంగుల పగడాల కోసం కాదు, అడుగున ఉన్న నల్ల ఇసుక, ఒండ్రు, పారేసిన సీసాల మధ్య దాక్కున్న చిన్న జీవుల కోసం. దాన్ని మక్ డైవింగ్ అంటారు. మక్ అంటే బురదే.

కవిటిలో మా అక్క ఇది విని, "బురద చూడ్డానికి అంత డబ్బు పోసి ఎల్లాలేట్రా? మన చెరువులో లేదేటి?" అంది.

వాడు ఫోన్‌లో వీడియో చూపించాడు. పిడికిలంత ఆక్టోపస్ ఒకటి. దాని ఒంటి కింద రెండు కొబ్బరి చిప్పలు, ఒకదాన్లో ఒకటి దూర్చిన గిన్నెల్లా. వాటి మీద కూర్చుని, చేతులు అంచుల బయటికి దించి, వాటిని కర్రల్లా బిగించి, మునివేళ్ల మీద నడిచినట్టు ఇసుకలో పోతోంది. కొబ్బరి తోటల ఉద్దానం వాళ్లం కదా, కొబ్బరి చిప్ప కనిపిస్తే మా చూపు ఆగిపోతుంది. 2018లో తిత్లీ తుపానుకి తోట సగం నేలకూలాక మరీను.

"మావయ్యా, దానికి ఎముకే లేదు కదా. కాళ్లు కర్రల్లా ఎలా నిలబడ్డాయి?" అన్నాడు మేనల్లుడు.

ముప్ఫై ఏళ్లు బడిలో పాఠం చెప్పినవాణ్ణి, ఒక్క నిమిషం నోరు మెదపలేదు. కదలికంటే ఎముక, కీలు, కండరం అనే చెప్పాను పిల్లలకి. ఆక్టోపస్ వంతు వచ్చేసరికి ఎనిమిది చేతులూ బొమ్మ గీయించి మార్కులు వేసేసేవాణ్ణి. పిల్లలు తొమ్మిది గీస్తే ఒక మార్కు కోత. అంతే నా జంతుశాస్త్రం.

జవాబు వంటింట్లో దొరుకుతుంది. చేగోడీలకి పిండిముద్దని పీట మీద అరచేత్తో దొర్లిస్తాం. నొక్కేది అడ్డంగా, పెరిగేది పొడవు. పిండి ఎక్కువా అవదు, తక్కువా అవదు. సన్నబడితే సాగి తీరాలి. ఆక్టోపస్ చేయి అచ్చం అలాంటి పిండికడ్డీయే, కాకపోతే దొర్లించే అరచెయ్యి దాని లోపలే ఉంది.

ఆ చేతిని అడ్డంగా కోస్తే నడిమధ్యన నరం, దాని చుట్టూ మూడు రకాల కండరాలు. కొన్ని అడ్డంగా, కొన్ని నిలువుగా పొడవునా, కొన్ని ఏటవాలుగా మెలితిరిగి. కండరంలో ఎక్కువ భాగం నీరే, నీటిని నొక్కి చిన్నది చెయ్యలేం. అందుకని అడ్డకండరాలు బిగిస్తే చేయి సన్నబడి సాగుతుంది, నిలువువి బిగిస్తే పొట్టిదై లావవుతుంది. మన మోచేతి దగ్గర ఒక కండరం ముడిస్తే ఇంకొకటి చాపుతుంది, మధ్యలో ఎముక ఉండి ఆ పోటీ నడిపిస్తుంది. ఇక్కడ ఆ ఎముక పని మారని ఘనపరిమాణం చేస్తోంది.

ఒక లెక్క వేద్దాం. నిజం చేయి కొసకి సన్నబడుతుంది గానీ, లెక్క కోసం అంతటా ఒకే లావు అనుకుందాం. పొడవు 20 సెంటీమీటర్లు, వ్యాసం 1 సెంటీమీటరు. వ్యాసం ఒక్క మిల్లీమీటరు తగ్గించండి. అడ్డకోత వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి 0.9 ని 0.9 తో గుణిస్తే 0.81. ఘనపరిమాణం మారకూడదు కనుక పొడవు 20 ని 0.81 తో భాగించాలి, 24.7 సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు నొక్కుడికి 47 మిల్లీమీటర్ల సాగుడు! చేయి ఎంత సన్నగా, పొడుగ్గా ఉంటే ఈ లాభం అంత ఎక్కువ. అద్దం ముందు నాలుక చాపి చూడండి, సన్నబడుతుంది. అదీ ఈ కుటుంబమే. ఒడిశా వైపు నుంచి వచ్చి పార్వతీపురం, సీతంపేట చుట్టూ తిరిగే ఏనుగుల తొండమూ ఇదే. ఈ మూడింటినీ ఒక గాటన కట్టి 1985లో కియర్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు పేరు పెట్టారు, మస్కులర్ హైడ్రోస్టాట్ అని, అంటే ఎముక బదులు లోపలి నీటినే ఊతం చేసుకునే కండరపు అవయవం.

మరి కర్రలా బిగిసేదెలా? అడ్డకండరాలూ నిలువువీ ఒకేసారి బిగిస్తే సరి. ఒకటి సాగమంటుంది, ఇంకొకటి కుదించమంటుంది, లోపల నీరు ఎటూ పోలేదు, ఒత్తిడి పెరిగి చేయి గట్టిపడుతుంది. వాటర్ ప్యాకెట్‌ని రెండు చేతులా అన్నివైపుల నుంచీ నొక్కితే రాయిలా అవుతుందే, అలాగ. వంగాలంటే ఒకవైపు నిలువు కండరాలే బిగించాలి, అడ్డవి ఊరుకోకుండా పట్టి ఉంచాలి. లేకపోతే చేయి వంగదు, ఆ మేరకి పొట్టిదవుతుంది. ఏటవాలువి తడి బట్ట పిండినట్టు మెలితిప్పుతాయి.

ఇంకో తమాషా. తిండి పట్టుకుని నోటికి తెచ్చుకునేటప్పుడు ఆ చేతిలో కాసేపు మోచెయ్యి పుడుతుంది! కొస నుంచి ఒక బిగింపు అల, మొదలు నుంచి ఇంకొకటి బయల్దేరి, రెండూ కలిసిన చోట చేయి మడుస్తుంది. ఈ మోచెయ్యి సంగతి 2005లో, అలల సంగతి ఆ మరుసటి ఏడు బయటపడ్డాయి. 2005లోనే ఇంకో బృందం ఈ చిప్పల ఆక్టోపస్సే ఆరు చేతులు ఒంటికి చుట్టుకుని, కొబ్బరికాయలా గుండ్రంగా తయారై, మిగిలిన రెండిటి మీద వెనక్కి నడవడం చూసింది.

2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్పులో జర్మనీలో పాల్ అనే ఆక్టోపస్ ఎనిమిది ఆటల ఫలితాలు చెప్పిందని లోకమంతా చిలక జోస్యంలా నమ్మింది. ఎనిమిదిసార్లు నాణెం ఎగరేసినా 256 లో ఒకసారి అలా కుదురుతుంది. దాని చేతుల సంగతి మాత్రం ఒక్కరూ అడగలేదు.

చిప్పల మాటకొస్తే, 2009లో ఫిన్, ట్రెగెంజా, నార్మన్ అనే శాస్త్రవేత్తలు ఈ మోతని పనిముట్టు వాడకం అని రాశారు. ఖాళీ గుల్లలో కాపురముండే సన్యాసి పీత కూడా గుల్ల మోస్తుంది గానీ, మోస్తున్నంతసేపూ గుల్ల దాన్ని కాపాడుతుంది. ఆక్టోపస్‌కి నడుస్తున్నప్పుడు చిప్ప వల్ల రక్షణ లేదు, పైగా నడక మందగిస్తుంది. లాభం తరవాతెప్పుడో, ఆపద వచ్చి రెండు చిప్పలూ మూసుకుని లోపల కూర్చున్నప్పుడే. వాన లేనప్పుడు గొడుగు చంకన పెట్టుకుని బయల్దేరినట్టు.

ఈ జాతి పశ్చిమ పసిఫిక్‌లోనే కాదు, మన హిందూ మహాసముద్రపు తీరజలాల్లోనూ ఉంది. మనిషి కొబ్బరికాయలు కొట్టి పారెయ్యకముందు బహుశా పెద్ద గుల్లలు వాడుకుని ఉంటుందని ఆ శాస్త్రవేత్తల ఊహ. ఇది చదివి వినిపిస్తుంటే అక్క ఫోన్ అందుకుని, వీడియో ఆపించి, కళ్లజోడు పెట్టుకుని చిప్పని దగ్గరగా చూసింది.

"పీచు శుభ్రంగా ఒలిచారు, సరిగ్గా నడిమికి పగిలింది. ఎవలో పచ్చడికి కొట్టిన కాయ ఇది" అంది.