పరుపు మీద గుంట, చనుమొన వెనక దారం

ఏడో నెల గర్భిణి ఒకామె రాశారు: "చిన్నప్పటినుంచీ నాకు ఒక చనుమొన లోపలికే ఉంటుంది. వేలితో లాగితే వస్తుంది, వదిలితే మళ్ళీ పోతుంది. బిడ్డకి పాలు అందవని మా అత్తగారి బెంగ. ఆపరేషన్ చేస్తే సరవుతుందట కదా, కాన్పుకి ముందే చేయించుకోనా?"

జవాబు ముందే చెప్పేస్తాను: ఇప్పుడు వద్దమ్మా. ఎందుకు వద్దో చెప్పాలంటే దూది పరుపు సంగతి ఎత్తాలి.

పాత బూరుగుదూది పరుపు చూసే ఉంటారు. దూది ఒక మూలకి జారిపోకుండా పెద్ద సూదితో పైనుంచి కిందికి దారం గుచ్చి అక్కడక్కడా బిగించి ముడేస్తారు. ముడి పడ్డచోటల్లా గుంట. అక్కడి గుడ్డలో ఏ లోపమూ లేదు. దారం కిందికి లాగుతోంది, ఆ చోట దూది పలచబడింది, అంతే. లోపలికి పోయిన చనుమొన కథా ఇదే. పైచర్మం బాగానే ఉంటుంది. వెనకనున్న పాలనాళాలు, వాటి చుట్టూ అల్లుకున్న పీచులాంటి కణజాలం పొట్టిగా ఉండి వెనక్కి లాగుతాయి. మొనకి అడుగున దన్నుగా ఉండాల్సిన కణజాలమూ చాలదు.

అసలు తల్లి కడుపులో ఉన్నప్పుడు ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా ఆ చోట ముందు ఏర్పడేది గుంటే. పుట్టే రోజులు దగ్గరపడ్డాక అడుగు కణజాలం పెరిగి దాన్ని పైకి నెడుతుంది. కొందరిలో ఆ నెట్టడం సగంలో ఆగిపోతుంది. పెదవి చీలికకి మన భాషే 'గ్రహణం మొర్రి' అని పేరు పెట్టి, తప్పంతా గర్భిణి మీదికి నెట్టింది. దీనికీ అలాంటి నిందలు వేసేవాళ్ళున్నారు. గ్రహణానికీ దిష్టికీ ఇందులో ఏ పాత్రా లేదు. బడిలో ఒంటి గురించిన పాఠం వచ్చేసరికి "ఇంట్లో చదువుకోండి" అని పేజీ తిప్పేస్తే, పిల్లలు ఇంట్లో వినేది ఈ నిందలే.

1999లో కొరియా వైద్యులు హాన్, హాంగ్ దీన్ని మూడు అంచెలుగా విడగొట్టారు. లాగితే వచ్చి నిలిచేది మొదటిది. వచ్చి మళ్ళీ పోయేది రెండోది. లాగినా రావడమే కష్టమైతే మూడోది. ఉత్తరం రాసినామెది రెండోదే అనిపిస్తోంది.

ఇక సర్జన్ పని. మత్తు ఆ చోటికే ఇస్తారు. మొనకి ఒక కుట్టు వేసి పైకి లాగి పట్టుకుని, మొదలు దగ్గర కొన్ని మిల్లీమీటర్ల కోత పెడతారు. అందులోకి సన్నని కత్తెర మూసి దించి, లోపల మెల్లగా తెరుస్తారు. అదీ నాళాలు సాగే దిక్కుకే, అడ్డంగా కాదు. అలా చేస్తే పీచు విడిపోతుంది, నాళాలు తప్పించుకుంటాయి. తర్వాత పరుపువాడు దూది కూరినట్టు, పక్కనున్న చర్మపు లోపొరను చిన్న రెక్కలుగా తీసి మొన అడుక్కి మడుస్తారు. చివరికి మొన మొదలు చుట్టూ, చేతిసంచి మూతికి నాడా బిగించినట్టు, గుండ్రంగా ఒక కుట్టు. ఆ నాడాలోనే ఉంది నేర్పంతా. వదులైతే మొన మళ్ళీ కుంగుతుంది. మరీ బిగిస్తే నెత్తురు అందక నల్లబడి చచ్చిపోతుంది.

మూడో అంచెలో చిక్కేమిటంటే నాళాలే పొట్టివి. ఆపరేషన్ చేస్తే చాలాసార్లు దారం తెంపక తప్పదు, కానీ ఆ దారమే పాలగొట్టం. తెంపితే దాని వెనకున్న గ్రంథికి దారి మూసుకుపోతుంది.

ఇంతకీ గొట్టాలెన్ని? ఆస్ట్లీ కూపర్ అనే ఇంగ్లీషు సర్జన్ చనిపోయిన బాలింతల రొమ్ముల్లోకి రంగు మైనం ఎక్కించి, నాళాలను ఒక్కొక్కటే పోల్చుకుని 1840లో బొమ్మలతో అచ్చు వేశారు. ఆ తర్వాత పాఠ్యపుస్తకాలు పదిహేను నుంచి ఇరవై అంటూ వచ్చాయి. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్ పరిశోధకులు పాలిచ్చే తల్లులకు అల్ట్రాసౌండ్ తీసి లెక్కపెడితే సగటున తొమ్మిదే తేలాయి. ఇరవైలో నాలుగు తెగడం వేరు, తొమ్మిదిలో నాలుగు తెగడం వేరు!

తెంపకుండా సాగదీయొచ్చు. నెమ్మదిగా, పదేపదే లాగితే కణజాలం సాగుతుంది. బ్రిటన్ ప్లాస్టిక్ సర్జన్ డగ్లస్ మెక్‌జార్జ్ 1994లో ఈ సూత్రంతోనే గాలి పీల్చి పట్టుకునే చిన్న గిన్నె తయారుచేశారు. దానికి ఒక ఏడాది ముందే మన పక్కనున్న కర్ణాటకలో, దావణగెరె పిల్లల డాక్టర్లు మందుల షాపులో దొరికే ప్లాస్టిక్ సిరంజితో ఆ పని చేసి చూపించారు.

పది మిల్లీలీటర్ల సిరంజి. సూది తగిలించే కొసను కోసేస్తారు. పిస్టన్ బయటికి తీసి, కోసిన వైపునుంచి తిరగేసి దూరుస్తారు. ఎందుకు తిరగెయ్యాలి? కోసిన అంచు గరుకుగా ఉండి చర్మాన్ని గీరుతుంది. రెండో వైపు, వేళ్ళు ఆనడానికి ఉండే నున్నటి అంచు, రొమ్ముకి ఆనుతుంది. తల్లి తన చేత్తోనే, నొప్పి లేనంతవరకు పిస్టన్ లాగి అరనిమిషం నుంచి నిమిషం ఉంచుతుంది. తీసేముందు పిస్టన్ కాస్త లోపలికి నొక్కి గాలి వదలాలి. కాన్పయ్యాక బిడ్డకి పాలివ్వబోయే ముందు చేసే పని ఇది. గర్భంతో ఉండగా చనుమొనలు లాగితే నొప్పులు రేగే ప్రమాదముంది.

పుట్టుకతో కాక, పెద్దయ్యాక ఒక మొన కొత్తగా లోపలికి పోతే సిరంజీ వద్దు, అందం కోసం ఆపరేషనూ వద్దు. ఎవరో కొత్తగా ముడి వేస్తున్నారన్నమాట. అది క్యాన్సర్ గడ్డ కావచ్చు. ముందు డాక్టరుకి చూపించి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించుకోవాలి.

ఉత్తరం రాసినామెకి: మీ అత్తగారితో చెప్పండి, బిడ్డ పట్టుకునేది మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లని వలయంతో సహా నోటినిండా పట్టుకుంటుంది. పుట్టిన గంటలోపే రొమ్ముకి అందించండి, సిరంజి దగ్గరుంచుకోండి. ఆపరేషన్ కావాలనే అనిపిస్తే, పాలు మాన్పించాక వెళ్ళండి. ఇంకో బిడ్డ కావాలనుకుంటే మటుకు సర్జన్‌ని ముందే అడగండి: "నాళాలు కోస్తారా, వదిలేస్తారా?"