సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లో తోడు పాత్ర: అపోహలు - వాస్తవాలు

కొత్తవాళ్ల స్క్రిప్టులు ఏవి తిరగేసినా ఒక మనిషి తప్పకుండా ఎదురవుతాడు. హీరో వెనకే నడుస్తూ, ప్రతి గుమ్మం దగ్గరా ఆగి "ఇదేమిటి? అదెలా పనిచేస్తుంది?" అని అడుగుతుంటాడు. హీరో చెబుతాడు, ఇతను తలాడిస్తాడు. ఇతన్ని మొత్తంగా తీసేసినా కథకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

అపోహ: తోడు పాత్ర ఉన్నది ప్రేక్షకుడి తరఫున ప్రశ్నలు అడగడానికే.

సిరీస్‌లను ఎక్కువగా ముంచేది ఇదే. సాక్ష్యంగా అందరూ బ్రిటిష్ టీవీ సిరీస్ 'డాక్టర్ హూ'నే చూపిస్తారు. సరే, అక్కడికే వెళ్దాం. 1963లో బీబీసీలో అది మొదలైనప్పుడు, కాలంలో ప్రయాణించే హీరో డాక్టర్ వెంట వెళ్లినవాళ్లలో ఇయాన్ సైన్స్ టీచరు, బార్బరా హిస్టరీ టీచరు. ప్రశ్నలు అడిగారు, నిజమే. కానీ మొదటి కథలోనే, రాతియుగపు అడవిలో గాయపడి పడున్న మనిషి పక్కన డాక్టర్ రాయి ఎత్తితే, చెయ్యి పట్టుకుని ఆపినవాడు ఇయాన్. తోడు పాత్ర అసలు పని అదీ: హీరో తన ధోరణిలో చేసేయబోయే పనికి అడ్డుపడటం. 'స్టార్ వార్స్' సిరీస్ 'ది మాండలోరియన్' మొదటి సీజన్‌లో గ్రోగు అనే పసివాడు ఒక్క మాటా మాట్లాడడు. అయినా వాణ్ణి అప్పగించి ప్రతిఫలం పుచ్చుకున్న వేటగాడు వెనక్కి తిరిగేది వాడి కోసమే.

మీ స్క్రిప్టులో తోడు పాత్ర డైలాగులన్నీ విడిగా రాసుకోండి. సగానికి మించి ప్రశ్నలే ఉంటే ఆ పాత్ర ఇంకా పుట్టనట్టే. ఒక్కో ప్రశ్ననూ కొట్టేసి, దాని చోట తప్పుడు అంచనానో, నిరాకరణనో, అప్పటికే చేసేసిన పనినో పెట్టండి. "ఆక్సిజన్ ఎంతసేపు వస్తుంది?" "40 నిమిషాలు." ఇక్కడ సమాచారం అందింది, సీన్ చచ్చింది. ఇలా మార్చండి, మొదట మాట్లాడేది తోడు పాత్ర:

"వెనక గదికి గాలి ఆపేశాను."
"లోపల ఇద్దరున్నారు!"
"ఆపకపోతే నలుగురికీ 40 నిమిషాలే."

సమాచారం అదే. కానీ ఇప్పుడు హీరో ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. తర్వాత తోడు పాత్రను సీన్లోంచి తీసేసి చదవండి. సీన్ ముగింపు మారకపోతే మళ్లీ రాయాల్సిందే, డైలాగులకు మెరుగులు దిద్దితే సరిపోదు.

అడ్డుపడటమంటే ఊరికే "నేను నమ్మను" అనిపించడం కాదు. 'ది ఎక్స్-ఫైల్స్' (1993)లో ఎఫ్‌బీఐ ఏజెంటు స్కల్లీని పంపింది, వింత కేసుల వెంట పడే తోటి ఏజెంటు మల్డర్ పనిని శాస్త్రీయంగా తూచి రిపోర్టు రాయమని. (ఆమెను తోడు పాత్ర అనడం అన్యాయమే, సగం కథ ఆమెది.) ఆమె డాక్టరు కాబట్టి పోస్ట్‌మార్టం చేసి మరీ వాదిస్తుంది. శంకించే పాత్ర ప్రతిసారీ తప్పని తేలుతుంటే నాలుగు ఎపిసోడ్లు తిరిగేసరికి ఆమె మాట ఎవరూ పట్టించుకోరు. అప్పుడప్పుడు ఆమెదే నిజం కావాలి, లేదా వాదాలు తారుమారు కావాలి. ఆ సిరీస్ మొదటి సీజన్‌లోనే ఒక ఎపిసోడ్‌లో నమ్మేది స్కల్లీ, శంకించేది మల్డర్.

మిగతా అపోహలు గబగబా.

"తోడు పాత్ర హీరోను మించిపోతే సిరీస్ పోతుంది." ఈ భయంతో మంచి డైలాగులు కొట్టేసుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. కొట్టేయకండి. 'స్టార్ ట్రెక్' (1966) మూడు సీజన్లకూ హీరో పక్కనుండే స్పాక్‌గా లెనార్డ్ నిమోయ్‌కి ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) నామినేషన్లు వచ్చాయి. హీరో కెప్టెన్ కర్క్ చిన్నబోలేదు, చివరి మాట అతనిదే కాబట్టి. తెలివి ఎవరికైనా ఇవ్వండి, నిర్ణయం మాత్రం హీరో చేతిలో ఉంచండి.

"నవ్వించడానికి ఒకడుండాలి కదా." ఉండొచ్చు. ఆ నవ్వు అతని భయంలోంచో మొండితనంలోంచో రావాలి. అసలు ప్రమాదమే లేదన్నట్టు జోకు పేలిస్తే ఇక ఆ ఎపిసోడ్‌లో ఎవరూ భయపడరు.

"రోబో అయితే సులువు." అన్నిటికన్నా కష్టం. 1977లో 'డాక్టర్ హూ'లోకి వచ్చిన కే-9 అనే రోబో కుక్కకు ముక్కులో లేజర్, బుర్రనిండా సమాచారం. ఏ చిక్కొచ్చినా అదే తేల్చేయగలిగితే డాక్టర్‌కు ఇబ్బందేముంది? పైగా ఎగుడుదిగుడు నేల మీద ఆ బొమ్మ కదలడానికే అవస్థ. 1981లో సాగనంపారు. మీ రోబోను రాసేముందు అది చేయలేనివి నాలుగైనా కాగితం మీద పెట్టండి: మెట్లెక్కలేదు, అబద్ధమాడలేదు, ఛార్జింగ్ అరగంటే, నీళ్లు తగలకూడదు. ప్రతి ఎపిసోడ్‌లోనూ వీటిలో ఒకటైనా కథను ఇరుకున పెట్టాలి.