ప్రైమరీలో హోరాహోరీ పోటీ: అడపాదడపా ఓటేసేవాళ్ళ అపోహలు, అసలు వాస్తవాలు

డాలస్‌కు ఉత్తరాన మా ఊరి పోలింగ్ కేంద్రంలో కొన్నేళ్ళుగా క్లర్క్‌గా పనిచేస్తున్నాను. నవంబర్ ఎన్నికలకు మనవాళ్ళు బాగానే వస్తారు. కుటుంబంతో వచ్చి, ఓటేసి, స్టిక్కర్ అంటించుకుని బయట ఫోటో దిగి వెళ్తారు. పార్టీ అభ్యర్థులు ఎవరో తేల్చేందుకు మార్చిలో జరిగే ప్రైమరీ ఎన్నికకు అందులో చాలామంది కనబడరు. అధ్యక్ష అభ్యర్థి ఎవరన్నది నువ్వా నేనా అన్నట్టు సాగే ఏడాది మాత్రం కొత్త ముఖాలు వస్తాయి. వాళ్ళంటే నాకు ఇష్టం. రాజకీయాలు రోజూ పట్టించుకోకపోయినా, ఈసారి తమ ఓటుకు విలువుందనిపించి పని మానుకుని మరీ వస్తారు. అలాంటివాళ్ళు నిబంధనలు తెలియక నిరాశతో వెనక్కి వెళ్తుంటే బాధేస్తుంది.

మన దగ్గర టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది. బీ-ఫారం చేతికొచ్చేదాకా ఆశావహులకూ కార్యకర్తలకూ టెన్షనే తప్ప, ఓటరుకు అందులో పాత్ర లేదు. ఇక్కడ టికెట్ ఎవరికివ్వాలో ఓటరే చెప్పాలి. ఎక్కువ అపోహలు ఆ తేడా దగ్గరే పుడుతున్నాయి.

అపోహ: ఇది పార్టీ లోపలి ఎన్నికే కదా, గ్రీన్ కార్డు ఉంటే చాలు.

చాలదు. అన్నిటికన్నా ముందు ఇది చెప్పాలి, ఎందుకంటే మిగతా పొరపాట్లకు ఓటు పోతుంది, దీనికి జీవితమే తలకిందులవుతుంది. అధ్యక్ష, కాంగ్రెస్ పదవుల ప్రైమరీలు కూడా చట్టం దృష్టిలో ఫెడరల్ ఎన్నికలే. పౌరసత్వం లేనివాళ్ళు వాటిలో ఓటేస్తే అది నేరం, దేశం నుంచి పంపించేయడానికీ కారణమవుతుంది. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఫారం నింపేటప్పుడు ఓటరుగా నమోదు చేయమంటారా అన్న గడి ఉంటుంది. తొందరలో దానికి టిక్ పెట్టకండి. రేపు పౌరసత్వానికి దరఖాస్తు చేసినప్పుడు, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా అని విడిగా అడుగుతారు. ఇంట్లో భార్యాభర్తల్లో ఒకరికి పౌరసత్వం వచ్చి, ఇంకొకరు ఇంకా గ్రీన్ కార్డు మీదే ఉండటం మనవాళ్ళలో మామూలే. అలాంటి ఇళ్ళలో మరీ జాగ్రత్త. పొరపాటున నమోదై ఉంటే ఓటు మాత్రం వేయకండి, వెంటనే ఇమిగ్రేషన్ లాయర్ని కలవండి.

అపోహ: ఒక పార్టీ ప్రైమరీలో ఓటేస్తే ఆ పార్టీ మనుషులమైపోతాం.

టెక్సస్‌లో పార్టీ పేరుతో ఓటరు నమోదే లేదు. మీరు వచ్చి ఐడీ చూపిస్తారు, జాబితాలో మీ పేరు చూసుకుంటాం, ఏ పార్టీ బ్యాలెట్ కావాలో మీరు చెప్తారు. ఈ మాట దగ్గర చాలామంది ఇబ్బంది పడతారు. పక్క లైన్లో తెలిసినవాళ్ళు ఉంటే గొంతు తగ్గించి చెప్పేవాళ్ళున్నారు. అంత మొహమాటం అక్కర్లేదు. నవంబర్‌లో మీ ఇష్టం, ఎవరికైనా వేసుకోవచ్చు. ఏడాది మారితే వేరే పార్టీ ప్రైమరీకీ రావచ్చు. కట్టుబాటు ఆ ఏడాది వరకే. మార్చిలో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకున్నవాళ్ళు, మేలో జరిగే రెండో విడత రనాఫ్‌లో ఇంకో పార్టీ బ్యాలెట్ అడిగితే ఇవ్వం. ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశారన్నది రికార్డులో ఉంటుంది, ఎవరికేశారన్నది ఉండదు.

ఇది మా రాష్ట్రం మాట. న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్ళు ఆ రోజే పోలింగ్ కేంద్రంలో పార్టీ చెప్పి ఓటేయొచ్చు. ఫ్లోరిడా, పెన్సిల్వేనియా, న్యూయార్క్‌లలో ఆ పార్టీ ఓటరుగా ముందే నమోదై ఉండాలి. 2016 ఏప్రిల్‌లో న్యూయార్క్ రిపబ్లికన్ ప్రైమరీలో పోటీ చేసిన ట్రంప్‌కు ఆయన సొంత పిల్లలు ఇవాంకా, ఎరిక్ ఓటేయలేకపోయారు. పార్టీ మార్చుకునే గడువు అంతకు ఆరు నెలల ముందే, 2015 అక్టోబర్‌లోనే ముగిసిపోయింది. ఆ గడువును తర్వాత ఫిబ్రవరికి జరిపారు. కన్నతండ్రే బరిలో ఉన్నవాళ్ళకే తెలియలేదంటే, రోజంతా ఉద్యోగం, పిల్లల స్కూలు, వీకెండ్ గుడి మధ్య తిరిగే మామూలు ఓటరుకు ఎలా తెలుస్తుంది? అందుకే డిబేట్లు చూడటం కన్నా ముందు మీ రాష్ట్రం గడువు చూసుకోండి. టెక్సస్‌లో అయితే ఓటరు నమోదు ఎన్నికకు 30 రోజుల ముందే అయిపోవాలి.

అపోహ: ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్ళే గెలిచినట్టు.

టీవీలో రాష్ట్రం మీద ఒక రంగు పడగానే అంతా అయిపోయిందనుకుంటాం. అసలు లెక్క డెలిగేట్లది, అంటే పార్టీ మహాసభకు వెళ్ళి అక్కడ అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులది. పోటీ హోరాహోరీగా ఉన్నప్పుడు ఆ లెక్క ఓట్ల లెక్కకు ఎదురు తిరగొచ్చు కూడా. దీనికి మా టెక్సస్‌ను మించిన ఉదాహరణ లేదు.

2008 మార్చి 4. డెమొక్రాట్లలో హిల్లరీ క్లింటన్, బరాక్ ఒబామా మధ్య పోటీ. ప్రైమరీలో క్లింటన్‌కు సుమారు 51 శాతం, ఒబామాకు 47 శాతం ఓట్లు వచ్చాయి. గెలిచింది క్లింటనే అని దేశమంతా చెప్పుకుంది. కానీ అప్పట్లో ఇక్కడ డెమొక్రాట్లకు రెండంచెల పద్ధతి ఉండేది. పగలు ఓటేసినవాళ్ళు, పోలింగ్ ముగిశాక రాత్రి మళ్ళీ అదే చోటికి వచ్చి, కాకస్ అనే పార్టీ సమావేశంలో తమ అభ్యర్థి పేరుకు ఎదురుగా సంతకం పెట్టాలి. రాష్ట్రమంతటా జనం విరగబడ్డారు. ప్రైమరీ ఓట్ల ద్వారా పంచిన 126 డెలిగేట్లలో క్లింటన్‌కు 65, ఒబామాకు 61. కాకస్ ద్వారా పంచిన 67లో ఒబామాకు 38, క్లింటన్‌కు 29. మొత్తం కలిపితే ఒబామాకు 99, క్లింటన్‌కు 94. ఓట్లలో ఓడిన మనిషికి డెలిగేట్లు ఎక్కువ. పగలు ఓటేసి ఇంటికెళ్ళి పడుకున్న ఓటరు తన పని పూర్తయిందనే అనుకున్నాడు. 2016 నుంచి ఆ రెండో అంచె తీసేశారు. మంచి పని చేశారు. రాత్రి షిఫ్టు ఉన్నవాళ్ళూ, ఇంట్లో పసిపిల్లలున్నవాళ్ళూ మళ్ళీ రాలేరు కదా.

తిరకాసు కాకస్‌తోనే లేదు. డెమొక్రాట్లు డెలిగేట్లలో ఎక్కువమందిని జిల్లాలవారీగా (మన నియోజకవర్గాల్లాంటివి), ఓట్ల నిష్పత్తిలో పంచుతారు. ఒక జిల్లాకు 4 డెలిగేట్లు ఉన్నారనుకోండి, బరిలో ఇద్దరే ఉన్నారు. మొదటి అభ్యర్థికి 60 శాతం ఓట్లు, రెండో అభ్యర్థికి 40 శాతం. నాలుగులో 60 శాతం 2.4, దగ్గరి పూర్ణసంఖ్యకు సవరిస్తే 2. నలభై శాతం 1.6, అదీ 2. ఇరవై శాతం తేడాతో గెలిచినా చెరి ఇద్దరే. మూడో డెలిగేట్ రావాలంటే 62.5 శాతం దాటాలి. పక్క జిల్లాకు 3 డెలిగేట్లు ఉంటే, అక్కడ 51 శాతం చాలు, మొదటివాళ్ళకు 2, రెండోవాళ్ళకు 1. అందుకే ప్రచారం చేసేవాళ్ళు బేసి సంఖ్య ఉన్న జిల్లాల మీద కన్నేస్తారు. మా ఊరికి ఫలానా నాయకుడు ఎందుకు రాలేదని అడిగేవాళ్ళకు సమాధానం చాలాసార్లు ఈ లెక్కలోనే దొరుకుతుంది. పైగా 15 శాతం కూడా రాని అభ్యర్థికి డెమొక్రాట్ల పద్ధతిలో సున్నా.

రిపబ్లికన్ల పద్ధతి వేరు, అదీ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 2016లో సౌత్ కరోలినాలో ట్రంప్‌కు వచ్చినవి 32.5 శాతం ఓట్లు, దక్కిన డెలిగేట్లు మొత్తం 50కి 50. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరు వేరేవాళ్ళకు ఓటేశారు, వాళ్ళ తరఫున ఒక్క డెలిగేట్ కూడా లేదు. ఓట్లు చీలితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన నియోజకవర్గాల్లో ముక్కోణపు పోటీలు చూసినవాళ్ళమే కదా.

అపోహ: ముందస్తుగా ఓటేసి వచ్చేస్తే ఓ పనైపోతుంది.

మామూలు ఎన్నికల్లో నేనూ ఇదే చెప్తాను. రద్దీ తక్కువ, పార్కింగ్ దొరుకుతుంది. బరిలో ఎక్కువమంది ఉన్న ప్రైమరీలో మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. 2020లో టెక్సస్ ప్రైమరీ మార్చి 3న. ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరి 18న మొదలై 28న ముగిసింది. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో డెమొక్రాట్ల ప్రైమరీలో బైడెన్ గెలిచారు. మార్చి 1న ఆయనతో పోటీ పడుతున్న పీట్ బుటిజెజ్ తప్పుకున్నారు, మర్నాడు మరో అభ్యర్థి ఎమీ క్లోబుచార్ కూడా తప్పుకున్నారు. ఆ సాయంత్రమే ఇద్దరూ మా డాలస్‌కు వచ్చి బైడెన్‌కు మద్దతు ప్రకటించారు. వాళ్ళిద్దరికీ అప్పటికే ఓటేసినవాళ్ళ పరిస్థితి ఏమిటి? వేసిన ఓటు వెనక్కి తీసుకోవడం, మళ్ళీ వేయడం కుదరదు. బ్యాలెట్ మీద వాళ్ళ పేర్లు అలాగే ఉన్నాయి, మార్చి 3న కూడా వాళ్ళకు ఓట్లు పడ్డాయి. మీ మనసులో ఉన్నది గట్టిగా నిలిచే అభ్యర్థి అయితే ముందే వేసేయండి. వెనకబడిన అభ్యర్థి అయితే, వీలుంటే చివరి రోజు దాకా ఆగండి. సాయంత్రం 7కి తలుపులు మూసేలోపు లైన్లో ఉంటే చాలు, ఎంత రాత్రయినా మీ ఓటు తీసుకునే వెళ్తాం.

అపోహ: లక్షల ఓట్లలో నా ఒక్క ఓటు ఎంత?

2012లో అయోవా రిపబ్లికన్ కాకస్ రాత్రి మిట్ రామ్నీ 8 ఓట్లతో గెలిచారన్నారు. రెండు వారాల తర్వాత ధ్రువీకరించిన లెక్కలో రిక్ శాంటోరమ్ 34 ఓట్లతో ముందున్నారు. 2008లో గువామ్ దీవిలో ఒబామా క్లింటన్ కన్నా 7 ఓట్లతో ముందున్నారు, అయినా అక్కడి డెలిగేట్లు ఇద్దరికీ సమానంగానే వెళ్ళారు. కాబట్టి ఒక్క ఓటు చరిత్రను మార్చేస్తుందని నేను ఎవరికీ మాటివ్వను. ప్రైమరీలో ఓటు బరువు ఎక్కువని మాత్రం ఖాయంగా చెప్తాను. 2008 మార్చిలో, అంత ఊపున్న ఏడాది కూడా, టెక్సస్‌లో రెండు పార్టీలకూ కలిపి సుమారు 42 లక్షల మంది ఓటేశారు. నవంబర్‌లో 80 లక్షలు.

ఇంకో మాట. అధ్యక్ష పోటీ కోసం వచ్చినవాళ్ళు పైన ఒక్క గడి నింపి బ్యాలెట్ ఇచ్చేస్తుంటారు. దాని కిందే కాంగ్రెస్, రాష్ట్ర శాసనసభ, జడ్జీలు, షెరిఫ్, కౌంటీ కమిషనర్ ఉంటారు. అవును, ఇక్కడ జడ్జీలనూ పార్టీ టికెట్ మీదే ఎన్నుకుంటారు. ఒకే పార్టీకి పట్టున్న చోట ఆ పదవులు నవంబర్‌లో కాదు, మార్చిలోనే తేలిపోతాయి. మీ ఇంటి ఆస్తి పన్నులో కౌంటీ వాటా రేటు మీద ఓటేసేది కౌంటీ కమిషనర్లు, వైట్ హౌస్ కాదు. బ్యాలెట్ నమూనా కౌంటీ వెబ్‌సైట్‌లో ముందే ఉంటుంది. కాగితం మీద పేర్లు రాసుకుని తెచ్చుకోండి. లోపల ఫోన్ వాడనివ్వం.

అపోహ: చివరికి పెద్దలే కూర్చుని తేల్చేస్తారు.

ప్రైమరీ ఫలితంతో పనిలేకుండా హోదా వల్లే డెలిగేట్లయ్యే పార్టీ పెద్దలు, అంటే సూపర్‌డెలిగేట్ల గురించి ఈ మాట. 2018లో డెమొక్రాట్లు నియమం మార్చారు. ఫలితం ముందే స్పష్టంగా తేలకపోతే, మహాసభలో మొదటి రౌండ్‌లో వాళ్ళకు ఓటు లేదు.

అపోహ: అమ్మకు ఇంగ్లీషు రాదు, తీసుకెళ్ళి ఏం లాభం?

ఇది వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పౌరసత్వం వచ్చిన పెద్దవాళ్ళు ఎంతోమంది ఈ ఒక్క కారణంతో ఇంట్లో ఉండిపోతున్నారు. బ్యాలెట్ చదవలేని ఓటరు తనకు నచ్చిన మనిషిని సాయానికి తెచ్చుకోవచ్చని ఫెడరల్ చట్టమే చెప్తోంది. తను పనిచేసే చోట యజమాని గానీ, యూనియన్ ప్రతినిధి గానీ కాకూడదంతే. కొడుకు, కోడలు, మనవరాలు, పక్కింటివాళ్ళు ఎవరైనా సరే. సాయం చేసేవాళ్ళు ముందుగా మా దగ్గర ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. చదివి వినిపించొచ్చు, చెప్పిన చోట మార్కు చేయొచ్చు, ఎవరికి వేయాలో మాత్రం చెప్పకూడదు. ఓటరుకు ఇంగ్లీషు రాకపోతే, ఆమె భాష వచ్చిన క్లర్క్ ఆ భాషలోనే మాట్లాడొచ్చు.

ఒకసారి ఒక పెద్దావిడ బల్ల దగ్గరికి వచ్చి, నా పేరు చూసి ముఖం విప్పారి, "బాబూ, తెలుగువాడివేనా? వీళ్ళిద్దరిలో ఎవరు నయం నాయనా?" అని అడిగారు. "అది నేను చెప్పకూడదమ్మా. ఎవరి పేరు ఎక్కడుందో మాత్రం చదివి వినిపిస్తాను" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, "అయితే అన్నీ చదువు, కింద జడ్జీలవి కూడా" అన్నారు. ప్రమాణం చేసి, ఆవిడ పక్కన నిలబడి ఒక్కో పేరూ చదివాను. వెనక లైను పెరుగుతోంది, ఆవిడ తొందరపడలేదు. నేను తొందరపెట్టలేదు.