కుళ్ళాయప్ప: ఒక అనంతపురం పేరు వెనక కథ

బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగంలో చేరిన అనంతపురం కుర్రాడి పేరు కుళ్ళాయప్ప అయితే, పక్క సీటువాళ్ళ నుంచి రెండు ప్రశ్నలు తప్పవు. ఆ పేరుకు అర్థమేంటన్నది మొదటిది. రెండోది కాస్త నసిగి అడుగుతారు: "ఇంతకీ మీరు హిందువులా, ముస్లింలా?" కోస్తా నుంచి వచ్చిన స్నేహితులైతే కుళాయి అనీ కుళ్ళు అనీ ఎకసెక్కాలు కూడా ఆడతారు. ఈ పేరుకు ఆ రెండింటితోనూ సంబంధం లేదు. జిల్లా దాటితే అరుదుగా వినబడే పేరే గానీ, నార్పల, శింగనమల వైపు పల్లెల్లో మాత్రం పెద్ద కుళ్ళాయప్ప, చిన్న కుళ్ళాయప్ప, నల్ల కుళ్ళాయప్ప అని గుర్తులు పెట్టి పిలుచుకోవాల్సినంత మంది ఉంటారు. ఆడపిల్లయితే కుళ్ళాయమ్మ. రెడ్ల ఇళ్ళలో కుళ్ళాయిరెడ్డి.

పేరు పుట్టిన చోటు గూగూడు. నార్పల మండలంలో ఒక పల్లె. అక్కడ ఆంజనేయస్వామి గుడి, కుళ్ళాయిస్వామి పీర్ల చావిడి ఇరుగుపొరుగున ఉంటాయి. వచ్చినవాళ్ళు రెండుచోట్లకూ వెళ్ళి దండం పెట్టుకుంటారు. మొహర్రం నెల రాగానే ఈ ఊరికి ఆంధ్ర నుంచే కాదు, కర్ణాటక, తమిళనాడుల నుంచి కూడా లక్షల్లో జనం వస్తారు.

క్రీ.శ. 680 అక్టోబరు 10న ఇరాక్‌లోని కర్బలాలో మహమ్మద్ ప్రవక్త మనవడు ఇమామ్ హుస్సేన్, ఆయన వెంట ఉన్న కొద్దిమంది ప్రాణాలొదిలిన రోజుకు మొహర్రం గుర్తు. షియాలకది సంతాప కాలం. గూగూడులో పీర్ల పండుగ. తెలుగు పత్రికలైతే ఏటా 'కుళ్ళాయిస్వామి బ్రహ్మోత్సవాలు' అనే రాస్తాయి. సంతాపాన్ని బ్రహ్మోత్సవం అనడమేంటని కర్బలా చరిత్ర తెలిసినవాళ్ళు ముఖం చిట్లించవచ్చు. పీరుకు స్వామి అని తగిలించడమేంటని ఇంకో వైపువాళ్ళూ అడగవచ్చు. మొక్కు తీర్చుకోవడానికి బస్సెక్కి వచ్చినవాళ్ళకు ఈ పేచీతో పని లేదు.

పీర్లంటే లోహపు రేకుతో చేసి, కర్రకు అమర్చి, పట్టుబట్టలు, పూలదండలు కట్టి నిలబెట్టే గుర్తులు. అరచేయి ఆకారంలో ఉండే పీర్ల ఐదు వేళ్ళు ప్రవక్తకు, అలీకి, ఫాతిమాకు, హసన్‌కు, హుస్సేన్‌కు గుర్తంటారు. గూగూడు చావిడిలో అందరిలోకీ పెద్దాయన కుళ్ళాయిస్వామి. చావిడి ముందు గుండం తవ్వుతారు. చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు అని రాత్రిపూట పీర్ల ఊరేగింపులు జరుగుతాయి. చివర్లో పీర్లను ఎత్తుకున్నవాళ్ళు నిప్పుల మీద నడుస్తారు.

పేరు సంగతి తెలియాలంటే మాత్రం చదివింపుల దగ్గర కాసేపు నిలబడాలి. భక్తుడు ఒక పొట్లం చక్కెర తెచ్చి ఇస్తాడు. లోపలున్నాయన పొట్లం విప్పి, ఎవరి పేరునని అడిగి, ఫాతెహా (ఖురాన్ తొలి అధ్యాయం) చదివి, కొంత చక్కెర తీసుకుని మిగతాది తిరిగి కట్టి ఇస్తాడు. ఆ చక్కెరను ఇంటికి తెచ్చి ఇరుగుపొరుగుకు చిటికెడు చిటికెడు పంచుతారు. అక్కడ చదివించే పేరు కొన్నిసార్లు ఇంకా పుట్టని బిడ్డది. పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు లేనివాళ్ళు, పుట్టినవాళ్ళు దక్కనివాళ్ళు మొక్కుకుంటారు: బిడ్డ పుడితే నీ పేరు పెట్టి, నీ దగ్గరే పుట్టెంట్రుకలు తీయిస్తామని. పుట్టాక మాట తప్పే ప్రశ్నే లేదు. "ఆయప్ప ఇచ్చిన బిడ్డకు ఆయప్ప పేరు పెట్టకుంటే ఎట్లప్పా?" అనేస్తారు ముసలామెలు. ఒక్క ఇంట్లోనే తాత, మనవడు ఇద్దరూ కుళ్ళాయప్పలు కావడం ఇలాగే. తాత పేరు నిలబెట్టినట్టూ అవుతుంది, మొక్కూ తీరుతుంది.

ఇక మాట సంగతి. కుళ్ళాయి అంటే టోపీ. పారశీకంలో కులాహ్ అనే మాట తెలుగులో కుళ్ళాయి, తమిళంలో కుల్లాయ్ అయింది. అప్ప అంటే తండ్రి. కన్నడ నేల పక్కనే ఉన్న అనంతపురంలో సగం మగ పేర్లకు అదే తోక. కుళ్ళాయి పెట్టుకున్న అప్ప, అంటే టోపీ స్వామి. ఎవరో ఫకీరు రూపం కళ్ళ ముందుంచుకుని పిలిచిన పిలుపులా ఉంటుంది.

అయితే ఈ టోపీ ఫకీర్లతోనే వచ్చిందనుకుంటే చరిత్రను కుదించినట్టే. విజయనగర కొలువులో దొరల వేషం ఇది. శ్రీనాథుడి పేరున ప్రచారంలో ఉన్న చాటు పద్యం చాలామందికి నోటికొచ్చు: "కుళ్లాయుంచితి కోకసుట్టితి మహాకూర్పాసమున్ దొడ్గితిన్" అని మొదలవుతుంది. కన్నడ రాజ్యంలో కొలువు దర్శనం కోసం టోపీ పెట్టుకుని, నిలువుటంగీ తొడుక్కుని, ఆ ఊరి తిండి తిని పడిన అవస్థంతా అందులో చెప్పుకుంటాడు. అది ప్రౌఢదేవరాయల కాలం, అంటే 15వ శతాబ్దం తొలి సగం. తర్వాతి శతాబ్దంలో పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల్ని చూసి, తలమీద జరీబట్ట టోపీ ఉందని రాశాడు. తిరుమల గుడిలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ రాయలవారి లోహ విగ్రహం చూడండి, పొడవాటి ఆ టోపీయే. అంత దూరమెందుకు, లేపాక్షి వీరభద్రాలయంలో తలెత్తి పైకప్పు బొమ్మలు చూస్తే గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణల తలలమీద కూడా నిటారుగా కుళ్ళాయిలే ఉంటాయి. శివుడికి దండం పెట్టేటప్పుడూ తీయలేదు. పారశీక ప్రపంచం నుంచి వచ్చిన ఉడుపును గౌరవ చిహ్నంగా రాజులు స్వీకరించారు, వాళ్ళను చూసి కింది దొరలు, దొరలను చూసి కవులు. అనంతపురం నేలమీద ఈ మాట దాదాపు 500 ఏళ్ళ నాటిదని లేపాక్షి బొమ్మలు చూశాక అనిపిస్తుంది. ఈ మాట తర్వాత పీరుకు, పీరు నుంచి పిల్లలకు వచ్చింది.

పీర్ల కొలుపు ఇటు వచ్చింది దక్కన్ సుల్తానుల వల్ల. గోల్కొండ కుతుబ్ షాహీలు షియాలు. హైదరాబాదు కట్టిన కొద్ది ఏళ్ళకే, 1590ల్లో, అక్కడ మొహర్రం పీర్లను నిలిపే బాద్షాహీ ఆషుర్‌ఖానా లేచింది. 1565 యుద్ధంలో విజయనగరం కూలాక రాజధాని పెనుకొండకు మారింది. తర్వాత సీమ భూములు ఒక్కొక్కటే బీజాపూరు, గోల్కొండల చేతుల్లోకి పోయాయి. ఆపైన మొఘలులు, కడప, కర్నూలు నవాబులు, హైదర్ అలీ, టిప్పు, నిజాం. 1800లో నిజాం ఈ జిల్లాల్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. పాలకులు ఎన్నిసార్లు మారినా ఊరి పీర్ల చావిడి మాత్రం మారలేదు. చాలా ఊళ్ళలో ముస్లిం ఇళ్ళు ఒకటో రెండో ఉన్నా, అసలు లేకపోయినా పండుగ ఆగదు. గూగూడు సంప్రదాయం మీద అఫ్సర్ మహమ్మద్ చేసిన పరిశోధనను 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ పుస్తకంగా వేసింది. ఆ తర్వాతే మనవాళ్ళలో కొందరు ఇదేదో చూడదగ్గ విషయమేనని గుర్తించారు!

ఇలాంటి పేరు ఇదొక్కటే అయితే వింత అనుకోవచ్చు. సీమలో దస్తగిరి ఉన్నాడు, మాబు ఉన్నాడు. ఈ రెండూ ఒకే మహాత్ముడివి. 1166లో బాగ్దాదులో కన్నుమూసిన సూఫీ గురువు అబ్దుల్ ఖాదిర్ జీలానీని దస్తగీర్ అంటారు, అంటే చేయి పట్టి ఆదుకునేవాడు. మహబూబ్ సుభానీ అనీ అంటారు. రెండో పిలుపు అరిగి మాబు అయింది. మౌలా అలీ మౌలాలి అయ్యాడు. హుస్సేన్ హుసేనప్ప, ఫకీరు పక్కీరప్ప అయ్యారు. హిందూ పుణ్యక్షేత్రాల లెక్కా ఇంతే. అహోబిలం మొక్కుతో పుట్టినవాడు ఓబులేసు, ఉరవకొండ దగ్గరి పెన్నహోబిలం అయితే పెన్నోబులేసు, కర్నూలు వైపు మద్దిలేటి, గుంతకల్లు పక్కన కసాపురం ఆంజనేయుడైతే నెట్టికంటయ్య. ఆఖరికి తెల్లదొరనూ వదల్లేదు. 1800 నుంచి 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా చేసి, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన థామస్ మన్రో పేరున పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకున్నారు. మేలు చేసినవాడి పేరు బిడ్డకు పెట్టుకోవడం ఇక్కడి అలవాటు. ఆ మేలు చేసినవాడి మతం ఏమిటని మొక్కేటప్పుడు ఎవరూ అడగలేదు. కాబట్టి కుళ్ళాయప్ప అనే పేరు విని మతం తేల్చుకోవాలని చూడటం దండగ పని. అతని తల్లి ఎక్కడ మొక్కుకుందో మాత్రమే ఆ పేరు చెబుతుంది.

ఇప్పుడు పుట్టే పిల్లల్లో ఈ పేరు తగ్గిపోతోంది. మత వాతావరణం మారడమే కారణమని చాలామంది తేలిగ్గా అనేస్తారు. కొంత నిజమే కావచ్చు. కొత్త ఊళ్ళో ఆ రెండో ప్రశ్న ఎదుర్కోవడం ఎవరికైనా టెన్షనే. కానీ అదొక్కటే కారణమైతే ఓబులేసు, మద్దిలేటి, నెట్టికంటయ్య నిక్షేపంలా ఉండాలి కదా? అవీ కుళ్ళాయప్పతో పాటే వెనకబడ్డాయి. జన్మనక్షత్రం అక్షరం, న్యూమరాలజీ లెక్క, ఫోనులో వెతికిన రెండక్షరాల సంస్కృతం పేరు వచ్చి అన్నింటినీ కలిపి పక్కకు నెట్టాయి. స్థలం పేరు వినబడే పేరంటేనే నాటుగా ఉంటుందన్న భావన అసలు దెబ్బ కొట్టింది.

రాతలో కూడా ఈ పేరుకు తిప్పలే. తెలుగులోనే కుళ్ళాయప్ప, కుళ్లాయప్ప, కుల్లాయప్ప, ఖుళ్లాయప్ప అని నాలుగు రకాలు. ఇంగ్లీషులో ఎల్ ఒకటా రెండా, మధ్యలో వై పెట్టాలా ఐ పెట్టాలా అన్నది రాసే గుమాస్తా ఇష్టం. పాసుబుక్కులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, పదో తరగతి మార్కుల జాబితాలో ఇంకొకటి ఉంటే అఫిడవిట్ కోసం నోటరీ దగ్గరికి తిరగాల్సిందే.

పేరు ఎప్పుడు ఖాయమవుతుందన్నదీ మారింది. వెనకటికి పుట్టెంట్రుకల నాటికి ఒక పేరు, బడిలో చేర్చే రోజు అయ్యవారు రాసుకున్నదే ఖాయం. ఇప్పుడు పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు కావాలి. పేరును ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా ఆధార్‌కైనా ఆ సర్టిఫికెట్టే ఆధారం. దాంతో మొక్కున్న ఇళ్ళలో సర్టిఫికెట్టులో ఒక పేరు, గూగూడు చదివింపులో ఒక పేరు నడుస్తున్నాయి. రెండూ కలిపేద్దామనుకున్నవాళ్ళు కొత్త పేరుకు ముందు కుళ్ళాయి అని తగిలిస్తున్నారు. బడి రిజిస్టరులో అది ఇంటిపేరు పక్కన ఇంకో పొడి అక్షరంగా మిగులుతోంది.